ఊరంతా ఒకే కనెక్షన్

చిట్టా 88, సోమవారం

గాలి పడమర. ఎండ నిండుగా ఉంది. సోలారు పలకలు తుడిచాను. లైను ఉంది. ఉంది అని రాయడం నా ఉద్యోగం కాబట్టి రాస్తున్నాను.

నా పేరు నూకరత్నం, కొత్తగట్టులంక లైను కీపరుని. పాత లంకలు మునిగాక మట్టి పోసి ఎత్తు చేసుకున్న లంక ఇది. ఒడ్డు నుంచి నీటి అడుగున వచ్చే ఇంటర్నెట్ తీగ మా ఇంటి పక్క గదిలో పైకి తేలుతుంది. దాని బాగోగులు చూడటం, ఈ పుస్తకాన్ని రోజూ చేత్తో నింపడం నా పని. తీగ కంపెనీల మీద అజమాయిషీ చేసే పర్యవేక్షక సంఘం వారి నిబంధన అది. ఈ పుస్తకాలు ఎవరూ చదవరని నాకు ముందు కీపరుగా చేసినాయన చెప్పి మరీ రిటైరయ్యాడు. ఎవరూ చదవనప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయడానికి భయమెందుకు?

ఈరోజు మా చెల్లెలు వరహాలు యంత్రం మూడుసార్లు ఆగింది. దానికి రెండు మూత్రపిండాలూ పనిచేయవు. సోమ, బుధ, శుక్రవారాల్లో నాలుగేసి గంటలు యంత్రం పక్కన కూర్చుంటే దాని రక్తం శుభ్రమవుతుంది. పట్నం సర్కారు ఆసుపత్రి అందరికీ ఇంటి యంత్రాలిచ్చి, అక్కడ రోగులను కూర్చోబెట్టి రక్తం శుభ్రం చేసే కుర్చీలు చాలావరకు తీసేసింది. ఎక్కడో ఎవరో సొంతంగా నడుపుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నారట, అప్పటి నుంచి ఆసుపత్రి చూస్తూ ఉంటే తప్ప యంత్రం నడవదు. తొంభై సెకన్లకోసారి అక్కడి నుంచి 'కానివ్వు' అని కబురు రావాలి. రాకపోతే పంపు ఆగిపోతుంది.

వరహాలు కూర్చునే రోజుల్లో లైను గది మీద ఎర్ర తువ్వాలు కడతాను. అది కనబడగానే లంకలో అన్ని ఇళ్లవాళ్లూ తమ ఇళ్లలోని నెట్ పెట్టెలు కట్టేస్తారు. ఎవరూ చెప్పిన పద్ధతి కాదు, దానంతటది అలవాటైంది. ఈరోజు కూడా అందరూ కట్టేశారు. లైను మీద వరహాలు తప్ప ఇంకెవరూ లేరు. అయినా ఆగింది.

"నా మొకం సూసి మొరాయిత్తందేమోనే అక్కా," అంది వరహాలు. "పౌడరు రాసుకుని కూసుంటే పోయేది."

చిట్టా 90, బుధవారం

గాలి లేదు. లైను ఉంది. యంత్రం ఏడుసార్లు ఆగింది. నాలుగు గంటల పని రెండున్నర గంటలే అయింది.

తీగ నడిపే సప్తతంతి కంపెనీకి ఫోను చేశాను. పాటలన్నీ వినిపించాక ఒక అమ్మాయి పలికింది. చాలా మర్యాదగా చెప్పింది. కొత్త వరసల చట్టం మొన్నటి నుంచి మా ప్రాంతంలో పూర్తిగా అమలవుతోందట. మొదటి వరసలో కంపెనీ సొంత నాటకాలు, ఆటలు, ప్రకటనలు. రెండో వరసలో కంపెనీతో ఒప్పందం చేసుకున్నవారు. మూడో వరసలో ప్రభుత్వ ప్రసంగాలు, తుపాను హెచ్చరికలు. నాలుగోది 'ఇతరాలు'. సర్కారు ఆసుపత్రి ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కాబట్టి అది ఇతరాల్లోకి వెళ్లింది.

"మా చెల్లెలి రక్తం ఇతరాలా అమ్మా?" అన్నాను.

"డేటా మేడమ్," అంది.

అంటే మేం ఊళ్లో ఎంత దారి ఖాళీ చేసినా లాభం లేదు. ఒడ్డున వాళ్ల గేటు దగ్గరే కబురును నిలబెట్టి, ముందు నాటకాలను పంపుతున్నారు. ఇక్కడ ఆ నాటకం చూసేవాడు లేకపోయినా ముందే వచ్చి కూర్చుంటుంది.

ఇంకొకటి కూడా రాయాలి. ఈ చట్టానికి చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. నాలుగేళ్ల కిందట సప్తతంతివాళ్లు పడవలో వచ్చి, వరసలుంటేనే పెట్టుబడి వస్తుంది, పెట్టుబడి వస్తేనే లంకలకు తీగ వస్తుంది అన్నారు. సభ పెట్టి మరీ అందరి చేతా చేతులెత్తించింది నేను. అప్పుడు వరహాలుకు జబ్బు లేదు. ఉంటే ఎత్తేదాన్ని కాదంటే నా గొప్ప ఏముంది?

చిట్టా 91, గురువారం

లైను ఉంది. గాలి మారింది.

ఒక దారి దొరికింది! పర్యవేక్షక సంఘం నోటీసు వచ్చింది. వరసల మీద బహిరంగ విచారణ జరుపుతారట. ఒక ప్రాంతం నుంచి మూడు వందల అభ్యంతరాలు అందితే, విచారణ ముగిసేదాకా ఆ ప్రాంతంలో వరసలు నిలిపేస్తారు. గడువు వచ్చే గురువారం సాయంత్రం ఐదు. గొంతుతో చెప్పి లైనులో పంపాలి. మా లంకలో పెద్దవాళ్లం నాలుగు వందల పన్నెండు మందిమి.

మధ్యాహ్నం నుంచే రికార్డింగు పెట్టాను. జనం వరస కట్టారు, కంపెనీ వరస కాదు, మామూలు వరస. పడవ సరంగు కామేశు బాబాయి మొదట కూర్చున్నాడు. రెండు నిమిషాలు ఇస్తే మొదటి నిమిషమంతా తన పేరు, తండ్రి పేరు, పడవ పేరు చెప్పాడు.

"బాబాయ్, అభ్యంతరం చెప్పు," అన్నాను.

"సెప్తన్నాను కదే. ఆయ్, అయ్యా సంఘం బాబులూ, మా వరాలు పిల్ల ఊపిరాడక కొట్టుకుంటంటే మీ నాటకంలో అత్తాకోడళ్లు ముందెందుకెల్లాలండి? ఆళ్ల గొడవ రేపైనా తెగదు. ఈ పిల్లకి రేపుండాలి కదండి."

వరహాలు పక్క గదిలోంచి "బాగా సెప్పావు బాబాయ్, ఆ అత్తనే వాయించాల" అని అరిచింది.

చిట్టా 95, సోమవారం

లైను ఉంది. యంత్రం తొమ్మిదిసార్లు ఆగింది. గంటా యాభై నిమిషాల పనే అయింది. వరహాలు పాదాలు వాచాయి. నొక్కితే వేలు గుంట అలాగే ఉండిపోతోంది.

నిన్న సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు గొంతులూ పూర్తయ్యాయి. ఈరోజు యంత్రం కట్టేశాక పంపడం మొదలుపెట్టాను. చీకటి పడేలోగా ముప్పై ఒకటి వెళ్లాయి. అభ్యంతరాలు కూడా ఇతరాలేనట! వరసల మీద ఫిర్యాదును కూడా చివరి వరసలోనే నిలబెట్టారు. ఈ తెలివి ఎవరిదో వాళ్లకు దండం పెట్టాలి.

చిట్టా 96, మంగళవారం

లైను ఉంది. మధ్యాహ్నానికి వంద వెళ్లాయి. లెక్క వేశాను. ఈ వేగాన ఆపకుండా పంపితే గురువారం మూడింటికి మూడు వందలు దాటుతాయి. ఆపకుండా అంటే బుధవారం కూడా. కానీ నాలుగో వరసకు ఒక కనెక్షనుకు ఇంతే అని గేటు దగ్గర కొలిచి వదులుతారు. అభ్యంతరాలు వెళ్తుంటే ఆసుపత్రి కబురు రాదు.

ఈ సంగతి వరహాలుకు చెప్పకూడదనుకున్నాను. అది నా మొహం చూసి కనిపెట్టేసింది.

"బుధారం మానేత్తాను. పంపెయ్."

"నోరుమూసుకో."

"అక్కా, రోజు ఇడిసి రోజు గంటన్నర కూసుని నేనేం బాగుపడతన్నాను? ఒక్క రోజు మానేత్తే ఎప్పటికీ బాగుంటాది కదే."

"ఎప్పటికీ సంగతి నీకెవరు చెప్పారు?"

"నువ్వే. మొన్న అందరికీ మైకులో సెప్పావు."

చెప్పాను. అవును, నేనే చెప్పాను.

చిట్టా 97, బుధవారం

లైను ఉంది. ఎర్ర తువ్వాలు కట్టలేదు. అభ్యంతరాలు వెళ్తూనే ఉన్నాయి. రెండు వందల ముప్పై నాలుగు.

వరహాలుకు రోజుకు మూడు గ్లాసుల నీళ్లే తాగాలని హద్దు. ఈరోజు ఒక గ్లాసే ఇచ్చాను. చుట్టూ కొబ్బరి తోటలు పెట్టుకుని దానికి ఒక బొండం కొట్టి ఇవ్వడానికి లేదు, ఆ నీళ్లు దాని గుండెకు పడవు. పెదాలు తడిగుడ్డతో తుడిచాను. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందడం లేదు, గోడకు దిండ్లు వేసి కూర్చోబెట్టాను. అది మాట్లాడటం తగ్గించింది. మా వరహాలు మాట్లాడకపోతే ఇల్లు చూస్తే నాకు భయమేస్తుంది. దేవుడా, రేపు మధ్యాహ్నం మూడు తొందరగా కానీ.

చిట్టా 98, గురువారం

లైను ఉంది.

మూడున్నరకు మూడు వందలు దాటాయి. ఐదింటికి ముందు చివరిది కూడా వెళ్లింది, గడువు ముంగిట గేటువాళ్లు ఎందుకో కాస్త వదిలారు. నాలుగు వందల పన్నెండూ చేరాయి. కామేశు బాబాయి పడవ గంట కొట్టాడు. ఆడవాళ్లు మా గుమ్మంలోకొచ్చి వరహాలు చేయి పట్టుకుని కూర్చున్నారు.

ఐదూ పదికి సంఘం నుంచి రసీదు వచ్చింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

'మీ అభ్యంతరం ఒకటి స్వీకరించాం. ఒకే కనెక్షను నుంచి వచ్చిన మిగతా నాలుగు వందల పదకొండు నకళ్లుగా గుర్తించి తొలగించాం. సహకారానికి ధన్యవాదాలు.'

నాలుగుసార్లు చదివాను. అప్పటికి అర్థమైంది. ఈ లంకలో అన్నీ ఉమ్మడే. పడవ ఒకటి, మంచినీళ్ల మోటారు ఒకటి, పెద్ద వల ఒకటి. వంతులు వేసుకుని వాడుకుంటాం. తీగ వచ్చినప్పుడు కూడా ఇంటింటికీ విడివిడిగా ఎందుకు, పడవలాగే ఒకటి చాలని ఊరంతటికీ ఒకే కనెక్షను రాయించింది నేనే. ఆ దరఖాస్తులో కుటుంబ సభ్యులు అన్నచోట ఊరు మొత్తాన్ని రాసి ఎంత మురిసిపోయానో. ఇప్పుడు సంఘం కాగితంలో మేమందరం కలిసి ఒక్క మనిషిమి.

గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్లకు ఈ మాట చెప్పాను. ఎవరైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

చిట్టా 99, శుక్రవారం

లైను ఉంది. యంత్రం పదకొండుసార్లు ఆగింది. గంటన్నర పని.

పట్నం ఆసుపత్రికి ఫోను చేశాను. ఉన్న నాలుగు కుర్చీలకు ఇరవై ఆరు రోజుల వాయిదా ఉందట. పేరు రాయించాను. ఇంటింటికీ వేరే కనెక్షను కావాలని కూడా దరఖాస్తు పెట్టాను. నలభై రోజులట. ఒప్పందం మీద సంతకం పెట్టండి బాబూ అని ఆసుపత్రివాళ్లనే బతిమాలాను. ఆ ఫైలు పై ఆఫీసులో ఉందన్నారు.

చిట్టా 103, మంగళవారం

లైను ఉంది. నిన్న గంటా పది నిమిషాలు.

ఈరోజు విచారణ. మా ఒక్క అభ్యంతరానికి మూడు నిమిషాలు మాట్లాడే హక్కు ఇచ్చారు. తెర మీద సంఘం సభ్యురాలు హిమజ గారు కనిపించారు. కళ్లద్దాలు, అలసిన మొహం. చెడ్డమనిషిలా లేరు, అదే నాకు మరీ కష్టంగా అనిపించింది.

"చెప్పండమ్మా," అన్నారు.

చెప్పడం మొదలుపెట్టాను. మా చెల్లెలు, ముప్పై నాలుగేళ్లు, వారానికి పన్నెండు గంటలు కావాలి, నాలుగైతే గొప్ప. ఇంతలో ఆవిడ మొహం తెర మీద బిగుసుకుపోయింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. బొమ్మ కదిలేసరికి ఆవిడ, "క్షమించండి, మీ సమయం పూర్తయింది. మొదటి రెండు మాటలే వినబడ్డాయి," అంటున్నారు.

"అమ్మా, అదే కదండీ నా ఫిర్యాదు! మీకు వినబడకపోవడమే నా ఫిర్యాదు!"

అది వినబడింది కాబోలు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా. కానీ నిబంధన మేరకు ఒక కనెక్షను అంటే ఒక వినియోగదారు. వరసలు లేకపోతే మీ లంకకు తీగే వచ్చేది కాదు, ఆ సంగతి కూడా చూడాలి. తుది ఉత్తర్వు మూడు నెలల్లో వస్తుంది."

"మూడు నెలలకి మా చెల్లి ఉండదండి."

జవాబు వచ్చేలోగా తెర మీద కొబ్బరినూనె ప్రకటన మొదలైంది. ఒక్క మెలిక లేదు, ఒక్క తడబాటు లేదు. ఆ పిల్ల జుట్టు వెంట్రుకకు వెంట్రుక కనబడింది.

చిట్టా 104, బుధవారం

లైను ఉంది. ఉంది, ఉంది, ఉంది.

ఉదయం తొమ్మిదింటికి వరహాలును కూర్చోబెట్టాను. పదకొండు దాటినా యంత్రం మొదలే కాలేదు. వరహాలు గోళ్లు నీలంగా కనబడ్డాయి. నన్ను పేరు పెట్టి పిలిచింది. పుట్టి బుద్ధెరిగాక అక్కా అనే తప్ప ఎప్పుడూ పిలవని మనిషి.

అప్పుడు నేను చేసింది ఇది. ప్రతి కీపరుకూ కంపెనీ ఒక ప్రకటన ముద్ర ఇస్తుంది, ఊళ్లో ఎండుచేపలవాళ్లూ పీచుతాళ్లవాళ్లూ ప్రకటనలు పంపుకోవడానికి. ఇక్కడి నుంచి అడిగే చీటీ మీద ఏ ముద్ర ఉంటే, వచ్చే జవాబు అదే వరసలో వస్తుంది. వరహాలు యంత్రం చీటీ మీద ఆ ముద్ర వేశాను. రకం అన్నచోట తలనూనె అని రాశాను.

పంపు తిరిగింది. నాలుగు గంటలు, ఒక్కసారి కూడా ఆగలేదు. నేను యంత్రం ముందు నేల మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గు లేకుండా పెద్దగానే ఏడ్చాను.

మూడు దాటాక వరహాలు కళ్లు తెరిచింది. "ఏంటే, బాగయిపోయింది?"

"నిన్ను తలనూనె కింద పంపాను."

"మంచి నూనేనా?"

ఇది నేరమని నాకు తెలుసు. ఈ పుస్తకంలో రాయకుండా ఉండొచ్చు. ఇన్నాళ్లూ ఉన్నది ఉన్నట్టు రాసి ఈ ఒక్కటి దాస్తే నేనూ ఆ రసీదు రాసినవాళ్లూ ఒకటే.

చిట్టా 105, గురువారం

లైను ఉంది. పొద్దున్నే నోటీసు వచ్చింది. దొంగ ముద్ర పట్టుబడింది, రేపు ఇన్‌స్పెక్టరు వచ్చి కనెక్షను మూసి ముద్ర వేస్తాడు. కనెక్షను ఒకటే కాబట్టి లంక మొత్తానికి మూత.

సభ పిలిచి చెప్పాను. చక్రవేణి లేచింది, బడి నడిపే మనిషి.

"రత్నం, నీ సెల్లిని కాదనట్లేదు. తుపాను కబురు ఎలా తెలుత్తాదే మాకు? నాకిద్దరు పిల్లలు. ఒక్క మాటడిగి సెయ్యాల కదా!"

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు.

కామేశు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అడిగితే మట్టుకు ఒద్దనేవోళ్లమేటే ఏణీ?"

చక్రవేణి కూర్చుంది. తల అడ్డంగా ఊపింది, కానీ కోపం పోలేదు.

చిట్టా 106, శుక్రవారం

లైను ఉంది, ఇది రాస్తున్నంతవరకు.

ఎనిమిదింటికే వరహాలును కూర్చోబెట్టాను, తలనూనె ముద్రతోనే. తువ్వాలు కట్టాను. అందరూ పెట్టెలు కట్టేశారు. చక్రవేణి బడిలో కూడా కట్టేసి పిల్లలను ఇసుకలోకి తీసుకెళ్లింది.

తొమ్మిదిన్నరకు సంఘం పడవ వచ్చింది. ఇన్‌స్పెక్టరు మార్కండేయులు గారు, యాభై దాటినాయన, బురదలో బూట్లు చేతబట్టుకుని నడిచొచ్చారు. గదిలోకి వచ్చి నోటీసు చదివారు. ముద్ర వేసే లక్క, సీలు సంచిలోంచి తీశారు. అప్పుడు పక్క గదిలో పంపు చప్పుడు విన్నారు.

"అదేంటి?"

"తలనూనె ప్రకటనండి," అన్నాను. వచ్చి చూశారు. గొట్టాల్లో తిరుగుతున్న రక్తాన్ని, దాని వెనక కూర్చున్న మనిషిని చూశారు.

"ఇంకా ఎంతసేపమ్మా?"

"రెండున్నర గంటలండి."

ఆయన గడియారం చూసుకున్నారు. పది గంటలకు మూసినట్టు కాగితంలో రాయాలట. తరవాత గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని నన్ను మజ్జిగ అడిగారు. రెండున్నర గంటలూ అక్కడే కూర్చున్నారు. పన్నెండుకు యంత్రం పనంతా పూర్తిచేసి దానంతటదే ఆగింది. వరహాలు మొహంలోకి రంగు వచ్చింది, కాళ్ల వాపు దిగింది. ఆయనకు నమస్కారం పెట్టి, "భోంచేసి ఎల్లండి, ఎండగా ఉంది," అంది.

ఆయన లేచి లైను గది మూసి లక్క వేశారు. కాగితంలో పది గంటలు అనే రాశారు.

"ఇంతకంటే నా చేతిలో లేదమ్మా," అన్నారు, నా వైపు చూడకుండా.

ఇప్పుడు ఆయన పడవ దగ్గర నిలబడి ఉన్నారు. ఈ పుస్తకాన్ని సాక్ష్యంగా తీసుకెళ్లాలట. ఈ చివరి మాటలు రాయడానికి ఐదు నిమిషాలు ఇచ్చారు. సంఘం సాక్ష్యాలను పదిహేను పనిదినాల్లో పరిశీలిస్తుందని నోటీసులోనే ఉంది.

అయ్యా, అమ్మా, ఇది తెరిచినవారెవరైనా. ఈరోజు శుక్రవారం. మా చెల్లెలి ఒంట్లో రక్తం ఇప్పుడు శుభ్రంగా ఉంది. అది సోమవారం దాకా వస్తుంది, గట్టిగా లాగితే మంగళవారం. నన్ను జైల్లో పెట్టండి, నేను రావడానికి సిద్ధం. గది ఒక్కటి తెరిపించండి. మా చెల్లెలి పేరు వరహాలు. సోమవారం లోపల చదవండి.